ఇల్లూ వాకిలీ: గొడౌను మేడ మీద కాపురం

ప్రశ్న: మావారికి కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నేను ఇంటి నుంచే బొమ్మలు గీసే పని చేస్తాను. బెంగళూరు నుంచి మారుతున్నాం. జగన్నాథపురంలో ఉప్పుటేరుకు దగ్గరగా ఒక పాత గొడౌను మేడ చూశాం. పైన అంతా ఒకటే హాలు, మధ్యలో గోడలు లేవు. ఎత్తుగా టేకు దూలాలు, వాటి మీద బెంగుళూరు పెంకులు, నడిస్తే కిర్రుమనే చెక్క నేల, సున్నం గీకేసి బయటపెట్టిన ఇటుక గోడ, రోడ్డు వైపు కొత్తగా పెట్టిన పెద్ద అద్దాల కిటికీలు. ఒక మూల చెక్క మెట్లెక్కితే పరుపు వేసుకునేందుకు అటక, ఇంకో మూల కొత్త బాత్‌రూము. అచ్చం విదేశీ పత్రికల్లో చూసే లాఫ్ట్ ఇళ్లలా ఉంది. యజమానులు అన్నదమ్ములు. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు. అద్దె 18,000, అడ్వాన్సు ఆరు నెలలది, అగ్రిమెంటు పదకొండు నెలలకు. మరమ్మతులన్నీ మావేనట. కింద గొడౌను సీజనులో బియ్యం బస్తాలకు ఇస్తారట, మిగతా రోజులు ఖాళీ. మా అత్తగారు ‘గొడౌనులో కాపురమేమిటి, నలుగురూ నవ్వుతారు’ అంటున్నారు. నాకు మాత్రం ఆ హాలు చూసినప్పటి నుంచి మరో ఇల్లు కంటికి ఆనడం లేదు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, హాలు గురించి మురిపెంగా అంత రాసి, కింద ఉన్నదాని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

బియ్యం బస్తాలు నెలల తరబడి ఒకచోట ఉంటే ముక్కపురుగు పట్టక మానదు. అందుకని వ్యాపారులు దొంతర మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద బరువులు పెట్టి కొన్ని రోజులు మూసి ఉంచుతారు. గాలిలోని చెమ్మ తగలగానే ఆ బిళ్లల నుంచి ఫాస్ఫీన్ అనే వాయువు పుడుతుంది. పురుగును చంపేది అదే. మనిషినీ అలాగే చంపుతుంది, దానికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసననీ, కుళ్లిన చేప వాసననీ చెబుతారు గాని, వాసన రాలేదు కాబట్టి వాయువు లేదనుకోవడానికి వీల్లేదు. మొదట తలనొప్పి, వికారం, వాంతులు. రాత్రి తిన్నది పడలేదనుకుని పడుకుంటారు, తెల్లవారేసరికి ఊపిరి అందదు. ఇంట్లో ధాన్యానికి ఈ బిళ్లలు పెట్టి పక్క గదిలో నిద్రపోయిన పిల్లలు చనిపోయిన వార్తలు మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మీకూ ఆ బస్తాలకూ మధ్య స్లాబు కూడా లేదు, సందులున్న చెక్క నేల ఉంది.

కాబట్టి కింది భాగాన్ని బియ్యం, ధాన్యం, పప్పులు, అపరాలు, మందు పెట్టే మరే సరుకుకూ ఇవ్వబోమని అగ్రిమెంటులో రాస్తేనే మిగతా మాటలు. ‘మందు పెట్టే ముందు ఫోను చేస్తాం, రెండు రోజులు ఊరెళ్లి రండి’ అంటారేమో, ఒప్పుకోవద్దు. ఆ ఫోను చేయవలసినవాడు గుమాస్తా. సరిగ్గా ఆ రోజే అతను సెలవు పెడతాడు. రంగులు, గోనెలు, పత్తి లాంటివి నిల్వ చేస్తామన్నా అంగీకరించకండి. మీరు దిగడానికి ఒక్క చెక్క మెట్లదారే ఉంటే కింద నిప్పంటుకున్న రోజు మీకు దారి లేదు. రెండో దారి ఎక్కడుందో అడగండి, ఆ తలుపు తెరిపించి చూడండి.

కింద అంతా బాగుందనే అనుకుందాం. అప్పుడు తలెత్తి చూడండి.

ముందు మీరు చెప్పిన లాఫ్ట్ ఇళ్ల కథ. న్యూయార్కులో సోహో అనే పేటలో బట్టల వ్యాపారుల గిడ్డంగులు, చిన్న చిన్న కార్ఖానాలు ఖాళీ పడితే 1950లు, 60లలో చిత్రకారులు చవగ్గా వస్తాయని వాటిలో చేరారు. నివాసానికి అనుమతి లేని చోట కాపురాలు పెట్టారు. 1971లో నగరపాలక సంస్థ కళాకారుల వరకు నివాసాన్ని అనుమతించింది. అలాంటి మేడలు నివాస భద్రతకు తగ్గట్టు ఉండాలనీ, అద్దెదారులకు రక్షణ ఉండాలనీ 1982లో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. మీరు పత్రికల్లో చూసిన సోకు వెనుక ముప్పై ఏళ్ల తగాదా ఉందన్నమాట. మీ పేట కథా తక్కువదేమీ కాదు. జగన్నాథపురం డచ్చివారి వర్తక స్థావరం, 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైరు మిల్లులకు పత్తి అందకపోతే మన వైపు పత్తి ఈ రేవు నుంచే ఓడలెక్కింది. ఆ రకం పత్తికి ప్రపంచ వ్యాపారంలో ‘కోకనాడాస్’ అనే పేరు నిలిచిపోయింది. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా సముద్రంలో నిలబడితే, సరుకు పడవల మీద వాటి దగ్గరికి వెళ్లేది. నీటి పక్కనే గొడౌన్లు లేచింది అందుకే.

అక్కడికీ ఇక్కడికీ ఒక పెద్ద తేడా ఉంది. సోహో చలి దేశపు పేట. అక్కడ వేడి గాలి పైకెక్కి అటక మీద పడుకున్నవాడిని వెచ్చగా ఉంచితే సంతోషం. మన దగ్గర మే నెలలో పెంకు కింద అటక మీద పడుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? హాలులో ఉన్న వేడంతా చేరేది సరిగ్గా మీ పరుపు దగ్గరికే. ఏసీ పెడతామంటారు. దుకాణదారు చదరపు అడుగులు అడిగి టన్నులు చెబుతాడు, అతని లెక్క మామూలు స్లాబు ఇంటి ఎత్తుకు. మీ హాలుకు దాదాపు రెట్టింపు ఎత్తు ఉండవచ్చు. పైగా పెంకు సందుల్లోంచి చల్లగాలి కాకినాడ ఊరంతటికీ పోతుంది. పరుపు కింద వేసుకుని అటక మీద ట్రంకు పెట్టెలు పెట్టుకోండి. మన ముందుతరం అటకను అందుకే వాడుకుంది, వాళ్లు అమాయకులు కారు.

కిటికీల సంగతీ అంతే. అక్కడి భవనాలకు పెద్ద కిటికీలు మొదటి నుంచీ ఉన్నాయి. మన గొడౌన్లు కట్టినవారు సరుకుకు ఎండా చెమ్మా తగలకూడదని కిటికీలు చిన్నవిగా, పైన ఎక్కడో పెట్టారు. బరువంతా గోడలే మోస్తాయి. మీ యజమానులు ఆ గోడను కోసి అద్దాలు పెట్టించారు. కోసిన చోట పైన సరైన లింటెల్ వేశారా? కిటికీ పై మూలల నుంచి వాలుగా పగుళ్లు పైకి పాకుతున్నాయేమో చూడండి. పగులు కనిపిస్తే దాని కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి, నెలాఖరుకు మళ్లీ వెళ్లండి. గీత దాటి వస్తే ఆ గోడ ఇంకా కదులుతోందని అర్థం. తుఫాను రోజున అంతంత అద్దాలకు బయట రెక్కలు ఉన్నాయో లేదో కూడా అడగండి. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుఫాను కాకినాడకు దక్షిణాన కొద్ది దూరంలోనే తీరం దాటింది. ఆ రాత్రి సంగతి జగన్నాథపురంలో పెద్దవాళ్లను కదిలిస్తే గంట సేపు చెబుతారు. చూరు వైపు వరసల పెంకులు తీగతో కట్టి ఉంటే, మొగరం మీద పెంకులకు గచ్చు గట్టిగా ఉంటే, ఆ ఇంటిని ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారన్నమాట.

ఇక దూలాలు. టేకు కదా అని మురిసిపోవద్దు. గోదావరిలో తెప్పలుగా దిగివచ్చిన పాత టేకు నిజంగా గట్టిదే. అయితే దూలం నడిమి భాగాన పుచ్చదు, గోడలో దూరిన కొసల దగ్గర పుచ్చుతుంది. గోడ తాగిన నీరు కొసకు చేరుతుంది, అక్కడ గాలి ఆడదు. నేను భవనాల శాఖలో ఉన్నప్పుడు పాత కచేరీల పైకప్పులు చూసే పని ఎప్పుడూ నాకే పడేది, మిగతావారికి నిచ్చెన ఎక్కడం నామోషీ. ఇప్పటికీ నా చేతిసంచిలో ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది. పెళ్లిచూపులకు వెళ్లినా ఉంటుంది. మీరూ ఒకటి తీసుకెళ్లి, గోడను ఆనుకున్న చోట ప్రతి దూలాన్నీ గుచ్చి చూడండి. మొన చెక్కలోకి మెత్తగా దిగితే ఆ కొస పోయినట్లే. మట్టితో చేసిన సన్నని చెద దారులు గోడ మీద పైకి వెళ్తున్నాయేమో కనిపెట్టండి. యజమాని మనిషి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఆ కొత్త బాత్‌రూము. చెక్క నేల మీద సిమెంటు పోసి, టైల్స్ పరిచి, రోజూ నీళ్లు పోయడమంటే దంతెలకు బరువూ పెంచడం, తడీ పెట్టడం. పైన నిలబడి చూస్తే టైల్స్ తళతళలాడుతూ కనిపిస్తాయి. కింద గొడౌనులోకి వెళ్లి టార్చి వేసి సరిగ్గా దాని అడుగు చూడండి. నల్ల మరకలు, తెల్లని ఉప్పు పూత, బూజు ఉంటే బేరం అక్కడే ఆపేయండి. గొడౌను తాళం హైదరాబాదులో ఉందని చెబితే తాళం వచ్చాకే మళ్లీ వస్తామనండి.

ఇటుక గోడ సంగతి రెండు మాటల్లో చెబుతాను. దాని మీది సున్నం అలంకారానికి పూసింది కాదు. ఉప్పుగాలినీ చెమ్మనూ అది తన మీదికి తీసుకుని ఇటుకను కాపాడేది. గీకేశారు కాబట్టి ఇక ఇటుకే పొడిపొడిగా రాలుతుంది. మీ బొమ్మల కాగితాలు ఆ గోడకు దూరంగా పెట్టుకోండి.

నీళ్లు: బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పుటేరు పక్కన తియ్యటి బోరు దొరకడం అదృష్టం. మున్సిపల్ నీరు పైదాకా ఎక్కుతుందా, ఏ వేళకు వస్తుందన్నది ఎదురింటివాళ్లను అడిగితే నిజం తెలుస్తుంది.

కాగితాల విషయానికి వద్దాం. ఆరు నెలల అడ్వాన్సు అన్నారంటే వాళ్ల మనసులో అది ఇంకా గొడౌనే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి రెండు నెలల అద్దె, ఇతర స్థలాలకు ఆరు నెలల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప కోర్టులో దానికి బలం లేదు. అయినా బేరం దగ్గర చూపించడానికి బాగా పనికివస్తుంది. మరమ్మతుల పంపకం కూడా అందులోనే ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడల వెల్ల, తలుపులు కిటికీల రంగు, పైపులు, వైరింగు యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, కాలువ శుభ్రం అద్దెదారువి. ఆ జాబితాను అలాగే మీ అగ్రిమెంటులోకి ఎత్తి రాయించండి. ‘ఏటా వానలకు ముందు పెంకు సర్దించడం యజమాని ఖర్చు’ అనే వాక్యం మాత్రం విడిగా చేర్చండి, ఆ జాబితా రాసినవారికి కోతుల సంగతి తెలియదు. మరమ్మతులన్నీ అద్దెదారువేనంటే, నూరేళ్ల పైకప్పును నెలకు 18,000 ఇచ్చి మరీ మీరు మోస్తున్నట్లు. కాదూ కూడదంటే అద్దె సగం చేయమనండి.

పదకొండు నెలల మతలబు మీకు తెలిసే ఉంటుంది. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని మూల నియమం. మన రాష్ట్రం 1999లో దాన్ని సవరించి అద్దె ఒప్పందాలన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసినా పాత అలవాటు పోలేదు. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పదకొండు. మీరు తెరలు, ఏసీ, వంటగది అరలు అంటూ ఖర్చు పెట్టాక పన్నెండో నెలలో అద్దె పెంచితే ఏం చేస్తారు? మూడేళ్లకు రాయించి రిజిస్టరు చేయించుకోండి, ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా నష్టం లేదు. సంతకాలు అన్నదమ్ములిద్దరివీ ఉండాలి. పంపకాలు కాని ఆస్తిలో ఒకరి సంతకంతో చేరితే రెండోవారు సంక్రాంతికి ఊరొచ్చి ‘మీరెవరు’ అని అడుగుతారు, మన జిల్లాల్లో ఇది కొత్త కాదు. అమెరికాలో ఉన్నాయన వాటా అద్దె మీద పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దె ఇచ్చేవారిదే, ఆడిటరును ఒకసారి అడగండి. మీ వారు ఇంటి అద్దె మినహాయింపు చూపుకోవాలంటే ఏడాది అద్దె లక్ష దాటింది కాబట్టి యజమానుల పాన్ నంబర్లు కావాలి, అవీ ముందే తీసుకోండి.

కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉందో పాత బిల్లు అడిగి చూడండి. ఒకటో కేటగిరీ అయితే గృహ వినియోగం. రెండోది అయితే వ్యాపారం, యూనిట్ ధర ఎక్కువ. ఇంటి పన్ను రసీదులో నివాసమని ఉందో గొడౌననే ఉందో కూడా చూడండి. చెక్క పట్టీల కింద నడిచే పాత వైరింగు ఇంకా ఉంటే మొత్తం మార్పించి, ఎర్తింగు పెట్టించాకే సామాను దింపండి.

మీ అత్తగారు నలుగురూ నవ్వుతారన్న మాట పక్కన పెట్టండి. వద్దన్న మాటకు మాత్రం నా ఓటు ఆవిడకే, కింద బియ్యం ఉన్నంత కాలం. బియ్యం పోయి, బాత్‌రూము అడుగు పొడిగా ఉండి, దూలం కొసలు గట్టిగా ఉంటే నేనే వచ్చి ఆవిడతో మాట్లాడతాను. మే నెలలో మాత్రం పిలవకండి.

ప్రశ్న: నరసాపురంలో మాది పాత మేడ ఇల్లు. పై హాలు ఒక కుర్రవాడికి అద్దెకు ఇచ్చాం. ఇనుప స్తంభాలు నిలబెట్టి లోపల అటక కట్టుకుంటానంటున్నాడు, ఖర్చు తనదేనట. ఒప్పుకోవచ్చా? వెళ్లేటప్పుడు అది ఎవరికి చెందుతుంది?
– ఒక ఇంటి యజమాని

జవాబు: ముందు ఎత్తు కొలవండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గదికి 2.75 మీటర్లు, అటక అంతస్తుకు కనీసం 2.2 మీటర్లు ఎత్తు అడుగుతుంది. అటక వైశాల్యం మొత్తంలో మూడో వంతు మించరాదు. అంటే కింద నేల నుంచి పైకప్పుకు దాదాపు పదహారున్నర అడుగులు లేనిదే ఆ ఆలోచన వద్దు. మీ హాలు పన్నెండో పదమూడో అయి ఉంటుందని నా అనుమానం. అలాంటి చోట అటక కడితే పైన కూర్చోవచ్చు గాని నిలబడితే తల తగులుతుంది.

ఎత్తు చాలినా స్తంభాలు ఎక్కడ నిలుస్తాయన్నదే అసలు ప్రశ్న. పాత మిద్దె నేల పరచుకున్న బరువును మోస్తుంది, ఒక్క చోట గుచ్చే బరువును మోయదు. స్తంభం సరిగ్గా కింది గోడ మీద పడాలి, లేదా కింది అంతస్తు గుండా నేల దాకా దిగాలి. కుర్రవాడు ఇంజనీరు చేత గీయించిన కాగితం తెస్తే చూడండి. వెల్డింగు షాపు అంచనా కాగితం తెస్తే వద్దనండి. ఇక హక్కు సంగతి: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తాను బిగించుకున్నదాన్ని అద్దెదారు తీసుకుపోవచ్చు, ఇల్లు మాత్రం తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. దాన్ని ఉంచేస్తాడా విప్పుకుపోతాడా, గోడకు పడిన బెజ్జాలు ఎవరు పూడుస్తారన్నది ముందే రాసుకోండి.

ప్రశ్న: రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో పాత ఇంటి కింది భాగం తక్కువ అద్దెకు వస్తోంది. వరద వస్తే నీళ్లొస్తాయని కొందరు, గట్టు ఉంది కాబట్టి రావని కొందరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరూ గోదావరి గురించే మాట్లాడుతున్నారు, మీరు అడగవలసింది మురుగు కాలువ గురించి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. గట్టు నదిని ఆపుతుంది, 1986 ఆగస్టు వరద లాంటిది వస్తే తప్ప దాని గురించి బెంగ వద్దు. నది నిండుగా ఉన్నప్పుడు ఊరి నీటిని నదిలోకి వదిలే తూములు మూసేస్తారు. ఆ రోజు ఊళ్లో కుండపోత కురిస్తే ఆ నీటికి పోయే దారి ఉండదు, పల్లపు వీధుల్లో నిలిచిపోతుంది. మీ ఇల్లు పల్లంలో ఉందో లేదో తెలుసుకోవడానికి వీధి గుమ్మం ముందు మెట్లు లెక్కపెట్టండి. పాతకాలంలో కట్టినప్పుడు ఉన్న మెట్లలో ఎన్ని రోడ్డు కింద కప్పబడిపోయాయో ఎదురింటి అరుగు చూస్తే తెలుస్తుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు ఒక మెట్టు దిగినట్లే. బీరువా వెనక, తలుపు చాటున గోడ మీద నేలకు సమాంతరంగా మరక గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. అడ్వాన్సు ఇవ్వడం వాన పడిన మర్నాటికి వాయిదా వేసి, ఆ ఉదయం చెప్పకుండా వెళ్లండి.